బోర్డు

ఫ్లీట్‌వుడ్‌లో సముద్రం వీధి చివర ఉండదు,
వీధి మొదట్లోనే ఉంటుంది.
అక్కణ్ణుంచి లెక్కపెడితే పదకొండో గుమ్మం
మా పెద్దమ్మ ఎడ్నా ఎంట్విజిల్‌ది.
అమ్మ ప్రెస్టన్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన ఆ చలికాలం
నేనూ ఆ ఇంట్లో ఒక అద్దెమనిషిని,
అద్దె ఇవ్వనిదాన్ని.

కిటికీలో దారానికి వేలాడే అట్టముక్క,
ఒక పక్క 'గది ఉంది', రెండో పక్క 'లేదు'.
పెద్దమ్మ దాన్ని బోర్డు అనేది.
వారానికి పన్నెండు పౌన్లు, గదీ బోర్డూ కలిపి, అనేది.
అక్కడ బోర్డంటే తిండి:
పొద్దున వేపిన రొట్టె, బీన్సు; రాత్రి చేప,
శుక్రవారం మాత్రం చేప.
చేపలు పట్టొచ్చినవాళ్ళకి మళ్ళీ చేపలేనా అంటే
"తెలిసిన మొహాలు కదా" అనేది.

నాకు ఎనిమిదేళ్ళు.
ఈ మగాళ్ళందరూ డబ్బిచ్చి చెక్క తింటున్నారా అని సందేహం.

విల్ఫ్ త్రెల్‌ఫాల్ నవ్వలేదు.
ఓడల వడ్రంగి, ఎడమ చేతికి మూడే వేళ్ళు.
"తింటాం పిల్లా" అన్నాడు.
"పూర్వం భోజనాల బల్ల లేదు.
కత్తెరకాళ్ళ మీద ఒక పలక పరిచేవాళ్ళు,
తిన్నాక తీసి గోడకి ఆనించేవాళ్ళు.
ఆ పలక పేరే కూడుకి వచ్చింది.
దాని చుట్టూ కూర్చుని ఊరి సంగతులు తేల్చే
పెద్దమనుషులకీ వచ్చింది.
ఓడ పక్కన అదే పలక. ఎక్కితే అదే మాట,
అవతలికి పడిపోయినా అదే మాట."
రెండో సంగతి చెప్పేటప్పుడు
అతని చెయ్యి జేబులోకి వెళ్ళింది.

జనవరి గాలికి
ముందుగది కిటికీ అద్దం ఒక్క ఊపున లోపలికొచ్చి పడింది.
విల్ఫ్ స్క్రూడ్రైవర్ తెచ్చాడు,
భోజనాల బల్ల పైచెక్క ఊడదీశాడు.
అది అతను చేసిందే,
ముక్కలుగా అమ్మిన 'ఎలినార్ హెస్కెత్' ట్రాలర్ డెక్కు పలకలతో.
ఆ చెక్కని కిటికీకి అడ్డంగా పెట్టి మేకులు కొట్టాడు.
గాలి మళ్ళీ ఆ పలకల్ని గుర్తుపట్టినట్టు
రాత్రంతా అరిచింది.

మర్నాడు సాయంత్రం రేవు ఆఫీసులో కంపెనీ బోర్డు కూర్చుంది,
మెరుగుపెట్టిన మహాగని బల్ల చుట్టూ,
పింగాణీ కప్పుల్లో టీ తాగుతూ.
నాలుగు బోట్లు అమ్మకానికి.
పెద్దమ్మ రోజుకోసారి బోర్డు తిప్పేది.
కంపెనీ ఒక్కసారే తిప్పేసింది.

ఎనిమిది మంది మగాళ్ళు వచ్చి నిలబడ్డారు,
తినడానికి బల్ల లేదు.
పెద్దమ్మ మెట్ల కింది అల్మరా తెరిచి
ఇస్త్రీ బోర్డు లాగింది.
కీచుమని కాళ్ళు విప్పుకుంది అది.
మాడిన ఇస్త్రీ మచ్చల మీద ఏడు పళ్ళాలు,
ఎనిమిదోది నా ఒళ్ళో.
గ్రేవీ ఒంపు చూసుకుని జారుతోంది.

కీత్ బామ్‌ఫర్డ్‌కి ఇరవై రెండేళ్ళు, మాట కన్నా ముందు చెయ్యి లేస్తుంది.
"ఈ రేవు వదిలి నేను కదలను" అని
బల్లగుద్ది చెప్పాలనుకున్నాడు.
బల్ల కిటికీకి ఉంది.
ఎత్తిన పిడికిలి గాలిలో ఆగింది.
ఏడుగురూ ఎవరి పళ్ళెం వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు.
అతను పిడికిలి విప్పి, ఫోర్కు తీసుకున్నాడు.

విల్ఫ్ నా వైపు వంగి
"కత్తెరకాళ్ళ మీద పలక" అన్నాడు, మెల్లిగా.
తిన్నాక అతనే దాన్ని మడిచి గోడకి ఆనించాడు.

ఆ రాత్రి అట్టముక్క వేలాడదీయడానికి కిటికీ లేదు.
ఇంట్లో గది ఉందో లేదో
వీధికి తెలియలేదు.
శనివారం పెద్దమ్మ ఎవర్నీ డబ్బులడగలేదు,
గదికీ, రెండో దానికీ.

సోమవారం పొద్దున కీత్ చొక్కా ఇస్త్రీ చేసింది.
బ్లాక్‌పూల్ ట్రాముల్లో పనేదో ఉందట, అడగడానికి వెళుతున్నాడు.
తొడుక్కుని వెనక్కి తిరిగేసరికి
వీపు మధ్యలో గోధుమరంగు మరక, కాస్త చేప వాసన.

"ఇదేమిటి?" అన్నాడు.
"బోర్డు" అంది పెద్దమ్మ, కాలర్ సరిచేస్తూ.

ఏ బోర్డని నేను అడగలేదు.